చెయ్యి దూరని చోటును గీసినదెవరు?

విమానానికి ఏదైనా ఆపద వాటిల్లినప్పుడు మరునాటి పత్రికలలో ఒక సమాసం తప్పక దర్శనమిస్తుంది: "మానవ తప్పిదం". ముప్ఫై ఏళ్ళకు పైబడి పిల్లలచేత విగ్రహవాక్యాలు చెప్పించినవాణ్ణి కనుక దీన్ని విడదీయకుండా ఉండలేను. ముందున్నది సంస్కృత ప్రాతిపదిక, వెనుక ఉన్నది తెలుగు మాట, రెంటికీ పొసగదు. వ్యాకరణంలో దీన్ని వైరి సమాసమంటారు. అర్థాన్ని బట్టి చూసినా ఇది వైరి సమాసమేనని నా వాదం. ఇందులోని మానవుడెవరు? విచారించి చూడండి, దాదాపు ఎప్పుడూ పైలటో, పానా పట్టుకొన్నవాడో. కాగితం మీద గీత గీసినవాడు ఈ సమాసంలోని మానవుడు కాడు. ఆ గీత కింద సంతకం చేసినవాడు కాడు. "తెల్లవారేసరికి విమానం బయలుదేరాలి" అని గడియారం చూపినవాడూ కాడు. వాళ్ళందరూ దేవతలు కాబోలు!

నేనెత్తుకొన్నది చాలా చిన్న వస్తువు. దాని బరువు కొద్ది గ్రాములు. అయితే ఆ చిన్న వస్తువు దగ్గరే ఈ అన్యాయం బాగా బయటపడుతుంది.

విమానం లోపలి తొడుగులు తీసి చూస్తే ఇంధనపు గొట్టాలు, నూనె గొట్టాలు, అధిక పీడనంతో ద్రవం ప్రవహించే హైడ్రాలిక్ గొట్టాలు, కట్టలు కట్టలుగా విద్యుత్తు తీగలు కనబడతాయి. ఇవన్నీ వేలాడకుండా, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా, అదురుకు విరిగిపోకుండా పట్టి ఉంచేవి చిన్న చిన్న లోహపు పట్టీలు. సన్నని రేకును గుండ్రంగా వంచి, లోపలివైపు రబ్బరు వంటి మెత్తను తొడుగుతారు. రెండు కొసలనూ ఒకదానిమీద ఒకటి చేర్చి, వాటి రంధ్రాలలో మరమేకు దూర్చి, అవతల నట్టు బిగిస్తారు. పక్కనుంచి చూస్తే ఆంగ్లాక్షరం 'పి' ఆకారం. తయారుచేసిన కంపెనీ పేరు మీదుగా వీటిని అడెల్ క్లాంపులంటారు. తెలుగులో ఏమనాలో నిఘంటువులు చెప్పవు. కట్టు అందామంటే వైద్యుడు గుర్తొస్తాడు, బందు అందామంటే వడ్రంగి తలుపుకు బిగించే బందు ఉండనే ఉంది. ప్రస్తుతానికి పట్టీ అంటాను. మా వైపు పట్టీలంటే ఆడపిల్లల కాళ్ళకు పెట్టేవి. పోనీ, ఇవీ గొట్టాల కాళ్ళకు పెట్టేవే కదా.

ఈ పట్టీకి ఒక శాస్త్రముంది. దాని కొలతలు అంగుళంలో పదహారో వంతు చొప్పున పెరుగుతాయి. ఒక మెట్టు చిన్నదైతే తీగను నొక్కి పైపొరను చీలుస్తుంది, ఒక మెట్టు పెద్దదైతే గొట్టం లోపల జారుతూ అదురుతూ తనను తానే అరగదీసుకొంటుంది. లోపలి మెత్త కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఇంధనం తగిలేచోట ఒక రకం, హైడ్రాలిక్ ద్రవం తగిలేచోట ఇంకొకటి, ఇంజన్ వేడి తగిలేచోట మరొకటి. తీగల కట్టకు ఆధారాల మధ్య దూరం 24 అంగుళాలకు మించరాదని అమెరికా విమానయాన సంస్థ మార్గదర్శకాలలో ఉంది. అంటే ఒక పెద్ద విమానంలో ఎన్ని పట్టీలుంటాయో మీరే ఊహించుకోండి.

ఇంతవరకు చదివినవారికి "దీనిలో కష్టమేముంది, మరమేకు బిగించడమే కదా" అనిపించవచ్చు. నాకూ ఈ కష్టం పుస్తకాల వల్ల తెలియలేదు. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి హైదరాబాదు పరిసరాలలోని ఒక విమానాల మరమ్మతు శాలలో పనిచేస్తున్నాడు. దసరాకు సిద్దిపేట వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. అతని చేతివేళ్ళ వెనుక చర్మమంతా గీతలు, గాట్లు. ఏమయిందిరా అంటే నవ్వి, "క్లాంపులు సార్" అన్నాడు. నాకు అర్థం కాలేదని గ్రహించి బజారుకు వెళ్ళి, లారీల సామానులమ్మే దుకాణంలో దాదాపు ఇటువంటిదే రబ్బరు తొడిగిన పట్టీ ఒకటి, మరమేకు, నట్టు కొనుక్కొచ్చాడు. "సార్, ఈ బీరువా ఎన్కకు చెయ్యి వెట్టుండ్రి. ఒక్క చెయ్యే. తలకాయ లోపలికి పోవద్దు. ఇగ బిగియ్యుండ్రి" అన్నాడు.

పట్టీ రెండు కొసలూ సహజంగా ఎడంగా విచ్చుకొని ఉంటాయి. అది దాని స్వభావం. ఒక బొటనవేలు, ఒక చూపుడువేలు వాటిని దగ్గరకు నొక్కి ఉంచడానికే సరిపోతాయి. మరమేకు దూర్చడానికి మధ్యవేలు. అవతల నట్టు పట్టుకోవడానికి? ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఆ నట్టు కూడా మామూలుది కాదు. అదురుకు వదులు కాకుండా లోపల బిగువుండే రకం కనుక వేళ్ళతో తిప్పితే ఒకటి రెండు చుట్లకే ఆగిపోతుంది, పానా పెట్టవలసిందే. పానా పట్టేందుకు ఆరో వేలు లేదు. కొన్నిచోట్ల ఒకే మరమేకుకు రెండు పట్టీలు వీపులు ఆనించి బిగించాలి. రెండూ విచ్చుకొంటూ ఉంటాయి, మధ్యలో ఒక గొట్టపుముక్క జారిపోతూ ఉంటుంది. నేను బీరువా వెనుక పది నిమిషాలు ప్రయత్నించి చెయ్యి బయటికి తీశాను. "కండ్లతోని కాదు సార్, వేళ్ళతోనే చూడాలె" అన్నాడతను. దంతవైద్యుని అద్దం వంటి చిన్న అద్దం ఒకటి ఉంటుందట, కాని చెయ్యి లోపలికి పోయాక అద్దానికి చోటుండదట.

ఈ ఇబ్బందిని గట్టెక్కడానికి పనివాళ్ళే ఉపాయాలు కనిపెట్టుకొన్నారు. పట్టీ కొసలను ముందుగా బయటే దగ్గరకు నొక్కి, మెడ దగ్గర సన్నని ఉక్కుతీగ చుట్టి మెలిపెడతారు. మరమేకు ఎక్కాక ఆ తీగను తెంపి లాగేస్తారు. కొందరు మైనం పూసిన దారం వాడతారు. దీనికోసమే ప్రత్యేకమైన పట్టకారులు కూడా అమ్ముతారు. అయితే పట్టకారు పళ్ళు ఇరుకులో దూరవు, దూరితే మెత్తను కొరుకుతాయి. తెంపిన తీగముక్క లోపల పడిందా, అది వెదికి బయటికి తీసేదాకా విమానం కదలకూడదు. నట్టు జారి పడినా అంతే. అర్ధరాత్రి రెండు గంటలకు వేలెడంత నట్టు కోసం నలుగురు మనుషులు టార్చిలైట్లు పట్టుకొని విమానం కడుపులో పాకడం ఏ ప్రకటనల బొమ్మలోనూ మీకు కనిపించదు.

ఇక్కడే ప్రలోభం పుడుతుంది. పట్టీ ఎక్కడం లేదు, గడియారం ఆగడం లేదు. చేతిలో ప్లాస్టిక్ కట్టుతాడు ఉంది. అర నిమిషంలో చుట్టి లాగితే పైకి అంతా సక్రమంగానే కనబడుతుంది. కాని ఆ ప్లాస్టిక్ వేడికి పెళుసుబారుతుంది, అదురుతూ అదురుతూ తాను కట్టిన గొట్టాన్నే కోస్తుంది. నా శిష్యుడు అలా చేయడు, చేయనందుకే అతని వేళ్ళు అలా ఉన్నాయి. కాని ప్రపంచంలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక రాత్రి, ఎవరో ఒకరు చేయకుండా ఉంటారా? ఆ ఒక్కరి పేరు మానవ తప్పిదం.

తీగ ఒరిపిడిని తేలికగా తీసుకొనేవారికి చరిత్ర ఉంది. 1996 జూలై 17న న్యూయార్కు దగ్గర టిడబ్ల్యుఏ 800 విమానం పేలి 230 మంది పోయారు. ఇంధనపు తొట్టిలోని ఆవిరికి నిప్పంటించినది బహుశా తీగలలోని షార్టు సర్క్యూటు అని విచారణ తేల్చింది. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరాన స్విస్ ఎయిర్ 111లో 229 మంది పోయారు. అక్కడా మంట మొదలైనది చాలావరకు తీగల దగ్గర పుట్టిన నిప్పురవ్వ వల్లనే అన్నారు. ఈ రెండింటిలో తప్పు ఫలానా పట్టీదని నేననడం లేదు, ఎవరూ అనలేదు. అయితే ఈ దుర్ఘటనల తరువాతనే పాతబడిన విమానాలలోని తీగలను అందరూ వంగి చూడసాగారు. 2007లో అమెరికాలో తీగలను, వాటి పట్టీలతో సహా, ఒక ప్రత్యేక వ్యవస్థగా గుర్తించి నిబంధనలు చేశారు. అప్పటిదాకా అవి ఎవరి లెక్కలోనూ విడిగా లేవు.

గొట్టాల కథ ఇంకా స్పష్టం. 2001 ఆగస్టు 24న కెనడానుంచి పోర్చుగల్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానంలో అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనమంతా కారిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాక 19 నిమిషాలు గాలిలో జారుకొంటూ వచ్చి అజోర్స్ దీవులలో దిగారు. 306 మందీ బతికారు. కారణం: అంతకు వారం ముందు మార్చిన ఇంజన్‌లో ఒక హైడ్రాలిక్ గొట్టం పక్కనున్న ఇంధన గొట్టాన్ని ఒరుసుకొని చీల్చింది. రెండు వేర్వేరు తరహాల భాగాలు ఒకేచోట చేరాయి, అవి ఒకదానికొకటి పొసగవు. గొట్టాన్ని బలంగా పక్కకు పట్టి ఉంచి మర బిగిస్తే మధ్యన ఎడం కనబడింది. పట్టు వదిలి పీడనం ఎక్కించాక ఆ ఎడం నిలువలేదు. సంబంధిత సూచనాపత్రాన్ని చూద్దామనుకొన్న సాంకేతికునికి కంప్యూటరులో అది తెరుచుకోలేదు. విమానం త్వరగా కావాలి. ఇందులో మానవుడు ఎక్కడ ఒక్కడే ఉన్నాడో చెప్పండి!

నాకు ఇంతకంటె గొప్ప పాఠంగా తోచేది బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన కొద్దిసేపటికి పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది, కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు, సిబ్బంది అతని కాళ్ళు పట్టుకొని వేలాడారు. అతను బతికాడు. అద్దానికి ఉన్న 90 బోల్టులలో 84 కావలసినదానికంటె సన్నవి, అంగుళంలో వెయ్యికి ఇరవయ్యారు భాగాల తేడా. రాత్రి వంతులో బిగించిన అధికారి పాత బోల్టును చూసి దానికి సరిపోయేవి ఏరుకొన్నాడు. ఆ పాత బోల్టులే తప్పువి! తప్పు అతనిదే, కాదనను. కాని తరువాతి వాక్యం కూడా చదవాలి: అతనికిచ్చిన నిచ్చెనమెట్టు అద్దం దాకా సరిగా అందేది కాదు, విమానం ముక్కు మీదికి సాగి బోర్లా వాలి బిగించాడు, బోల్టు తల గుంటలో సరిగా కూర్చోవడం లేదన్న సంగతి ఆ భంగిమలో కంటికి కనబడే వీలు లేదు. మరొక వాక్యం: ఆ అద్దాన్ని లోపలినుంచి కాక బయటినుంచి అమర్చేలా రూపొందించారు. లోపలినుంచి అమర్చి ఉంటే లోపలి గాలి పీడనమే దాన్ని చట్రానికి అదిమి పట్టేది. బయటినుంచి కనుక భారమంతా బోల్టుల మీద పడింది. వార్తలలో ఏది మిగిలింది? బోల్టులు తప్పుగా వేసినవాడు.

1993లో కెనడాలో గోర్డన్ డ్యూపాంట్ అనే ఆయన విమాన నిర్వహణలో తప్పులకు పన్నెండు కారణాలు కూర్చాడు. వాటిని పటాలుగా అచ్చువేసి ప్రపంచమంతటా మరమ్మతు శాలల గోడలకు తగిలించారు. అలసట, ఒత్తిడి, నిర్లక్ష్యం, పరధ్యానం, తెలియకపోవడం, చెప్పుకోకపోవడం, ఇలా పన్నెండు. మంచి ఉద్దేశంతో చేసినదే, ఉపకరించినదే. ఆ పన్నెండింటినీ వరుసగా చదివి చూశాను. "చెయ్యి పట్టని చోట పట్టీ పెట్టమని గీయడం" అన్నది అందులో లేదు. పన్నెండూ పనివాడిలోని దోషాలో, పనిచోటులోని లోపాలో. గీతలోని దోషానికి పదమూడో స్థానం ఎవరూ ఇవ్వలేదు. న్యాయంగా చెప్పాలంటే, 1990లలో బోయింగ్ వాళ్ళు రూపొందించిన తప్పుల విచారణ పద్ధతిలో విమాన నిర్మాణాన్ని కూడా ఒక కారణంగా పేర్కొని, అందకపోవడం అనే గడి పెట్టారు. గడి ఉండడం వేరు, పటం ఉండడం వేరు. పనివాడు ప్రతిరోజూ చూసేది పటాన్ని.

నా మీద వచ్చే ఆక్షేపం నాకు తెలుసు. "పంతులుగారూ, విమానంలో చోటు బంగారం. ప్రతి గ్రామూ లెక్క. రూపకర్త చేతిలో ఏముంది?" అంటారు. ఒప్పుకొంటాను, చోటు ఇరుకే. కాని ఆ ఇరుకులో మరమేకు తలను ఇటువైపు తిప్పాలా అటువైపు తిప్పాలా, అవతల వదులు నట్టుకు బదులు రేకుకే అంటిపెట్టుకొనే నట్టు పెట్టాలా, పట్టీని ముందు బిగించి గొట్టాన్ని తరువాత దూర్చేలా వరుస మార్చాలా, ఇవన్నీ గీసేటప్పుడు తీసుకొనే నిర్ణయాలే. అంటిపెట్టుకొనే నట్టుకు కొద్దిగా బరువుంది, అదనపు ఖర్చుంది, నిజమే. గీసేవాడు ఆదా చేసిన ఆ ఖర్చు మాయం కాలేదు. పాతికేళ్ళు ఎగిరే విమానంలో ఆ పట్టీని విప్పి బిగించిన ప్రతిసారీ ఒక పనివాడి చేతిమీదికి బదిలీ అయింది. ఖాతాలో ఒక వైపు చెరిపి మరొకవైపు రాయకుండా దాన్ని ఆదా అనడం ఏ లెక్కల పద్ధతి?

పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఒక మాట వస్తుంది. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్ళి కుండ చేసిపెట్టమంటాడు. మాట కావలసినవాడు వైయాకరణుని ఇంటికి వెళ్ళి మాటలు చేసిపెట్టమనడు. మాటలు లోకంలో వాడుకలో ఉన్నాయి. వాటిని చూసి సూత్రం కట్టడం వైయాకరణుని పని. మా శాస్త్రంలో ప్రయోగానికి ఉన్న గౌరవం ఇది. ప్రయోగానికి పొసగని సూత్రం రాస్తే తప్పు సూత్రానిదే గాని పలికేవాడి నాలుకది కాదు. విమానాల గీతలకు ఈ న్యాయం ఎందుకు వర్తించదు? వేళ్ళకు పొసగని గీత గీస్తే తప్పు వేళ్ళదా?

ఈ సందర్భంలో నా వర్గంవారికి కూడా ఒక మాట చెప్పాలి. "విమానాలు మన పూర్వులకు తెలుసు" అంటూ వైమానిక శాస్త్రాన్ని చేతపట్టుకొని సభలలో మాట్లాడే సంస్కృత పండితులున్నారు. ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన చెప్పగా రాసినది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు అయిదుగురు పరిశీలించి, అందులోని బొమ్మల ప్రకారం చేసినవి ఎగరలేవనీ, గ్రంథం ప్రాచీనం కాదనీ తేల్చారు. అది తెలిసిన సంగతే. నా ఫిర్యాదు వేరు. ఏ చెయ్యీ తాకని యంత్రాన్ని కాగితం మీద గీసి, దానికి నమస్కరించమనే బుద్ధి ఆ పుస్తకంతో ఆగలేదు. కంప్యూటరు తెరమీద అన్ని భాగాలూ చక్కగా అమరిన రంగురంగుల బొమ్మను చూపి "ఇంతే కదా" అనేవాడిది కూడా అదే బుద్ధి. అతను చూపే బొమ్మలో గొట్టాల మధ్య చెయ్యి ఉండదు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. విమానాల పని మనకు దూరపు ముచ్చట కాదు. ఆదిభట్లలో సి-130జె రవాణా విమానాల తోకభాగాలు తయారవుతున్నాయి. అక్కడే 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ శాలలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారయ్యాయి. 2025 నవంబరులో శంషాబాదులో సఫ్రాన్ వాళ్ళ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. ప్రతి ప్రారంభోత్సవంలోనూ పెట్టుబడి ఎన్ని కోట్లో చెప్పారు, ఉద్యోగాలు ఎన్నో చెప్పారు. ఆ ఉద్యోగం చేసే చెయ్యి గురించి ఎవరూ మాట్లాడినట్టు నేను వినలేదు. వింటే ఆశ్చర్యపోయేవాణ్ణి. ఎందుకంటే మన ఇళ్ళలోనే "సరిగా చదవకపోతే పానా పట్టుకొని బతుకుతావు" అని పిల్లలను బెదిరిస్తాం. ఆ మాట నేను ఉపాధ్యాయుల గదులలో కూడా ఎన్నోసార్లు విన్నాను. ఇంజనీరింగు కళాశాలలో చేరినవాడి ఫోటో పత్రికలో వేయిస్తాం, ఐటిఐలో ఫిట్టరుగా చేరినవాడి పేరు బంధువులకు కూడా చెప్పం. ఇలా పెరిగిన ఇంజనీరు రేపు గీతలు గీసేటప్పుడు పానా పట్టేవాడి వేళ్ళు అతనికి గుర్తుకు రాకపోవడంలో వింతేముంది? మనమే గుర్తు లేకుండా పెంచాం.

సిద్దిపేటవాళ్ళకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. పనిపాటలవారిని జీవితాంతం బొమ్మలలోకెక్కించిన కాపు రాజయ్య గారి ఊరు ఇది. చీర కొంగు మీద గొల్లభామను నేసే మగ్గాల ఊరు ఇది. తలమీద కుండ, చేతిలో చల్లకడవ, ఇవన్నీ విడిపోగులతో తేల్చాలి. నేసేవాడి వేళ్ళకు లొంగని బొమ్మ మగ్గం ఎక్కదు; ఎక్కించబోతే నేతగాడు మొహం మీదే చెబుతాడు. విమానశాలలో చెప్పే వీలు పనివాడికి లేదు. అతనికి పుస్తకం వస్తుంది, పుస్తకంలో బొమ్మ ఉంటుంది, బొమ్మలో ఉన్నట్టే బిగించాలి. అది సరే, క్షేమం కోసం ఉండవలసిన నియమమే. మరి బొమ్మే తప్పు అని తిరిగి రాసే దారి? దరఖాస్తు ఉంటుంది. అది సముద్రాలు దాటి ఏ కార్యాలయంలోనో చేరుతుంది. జవాబు వచ్చేలోగా ఆ పట్టీ ఎన్నిసార్లు ఎన్ని వేళ్ళను కోస్తుందో!

నా కోరికలు రెండే. మొదటిది, గీత గీసినవాడు తన పట్టీని తాను ఒక్కసారి బిగించాలి. వెలుతురున్న గదిలో, బల్లమీద పెట్టుకొని కాదు. అసలు చోటులో, చేతి తొడుగుతో, రాత్రి వంతు చివరి గంటలో. బిగించలేకపోతే గీత మార్చాలి. రెండోది, ప్రమాద విచారణల వార్తలు రాసే తెలుగు పాత్రికేయులు "మానవ తప్పిదం" అని రాసేముందు ఆ మానవుడికి ఏ చోటు ఇచ్చారో, ఎన్ని గంటలు ఇచ్చారో, ఏ పనిముట్టు ఇచ్చారో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం విచారణ నివేదికలో చాలాసార్లు ఉండనే ఉంటుంది, పేజీ తిప్పితే చాలు.

ఇక పట్టీ అన్న మాట నాకే అంతగా నచ్చలేదు. ఆదిభట్లలోను, శంషాబాదులోను పనిచేసే మనవాళ్ళు తమలో తాము మాట్లాడుకొనేటప్పుడు దీన్ని క్లాంపు అనే అంటారా, మరేదైనా ముద్దుపేరో తిట్టుపేరో పెట్టుకొన్నారా? తెలిసినవారు వ్యాఖ్యలో రాస్తే నా పదాల పుస్తకంలోకి ఎక్కించుకొంటాను. తిట్టు అయినా ఫరవాలేదు.